వినికిడి కడ్డీ

రాత్రి రెండింటికి, వారాసిగూడల
కుక్కలు సుత అరిచి అలసిపోయినంక
మా డ్యూటీ షురువైతది.
ఐదు ఫీట్ల ఇనుప కడ్డీ. ఒక కొసకు ఇత్తడి గిన్నె,
అది చెవికి. ఇంకో కొస రోడ్డుకు.
భూమిల నీళ్లు యాడ కారుతున్నయో
వినుడే మా నౌకరి.

నేర్పింది గఫార్ సాబ్.
‘పైపు మంచిగ పారితే గాలి లెక్కుంటది బేటా,
జాయింట్ కాడ కారితే
పెనం మీద ఉల్లిగడ్డ ఏసినట్టు’ అనెటోడు.
ముప్పై ఏండ్లు పంపుహౌజుల మోటర్ల పక్కన నిలబడి
రెండు చెవులు పోగొట్టుకున్నడు.
అయినా నా కంటె ముందు ఆయనకే ఎరుక.
చెప్పు ఇడిచి, అరికాలు తారు మీద ఆనించి
కండ్లు మూసుకుంటడు.
‘ఈడ.’

మొన్న చిలకలగూడల, ఇస్త్రీ బండి పక్కన
కానుగ చెట్టు కాడ, ‘ఈడ’ అన్నడు.
నా కడ్డీకి ఉల్లిగడ్డ వినపడలే.
పెద్దమనిషి మాట, తవ్వినం.
నాలుగు ఫీట్లు దిగినా మన్ను
చాయ్‌ల ముంచని ఉస్మానియా బిస్కెట్ లెక్క
పొడిపొడిగ ఇరుగుతున్నది.
పాత బీడు పైపు. చెక్కు చెదరలే. చుక్క కారలే.
దాని మీద ఒక వేరు.
బొటనవేలంత లావు.
చెట్టు మొదట్ల నుంచి పద్దెనిమిది అడుగులు
ఇటు మోరీ ఉన్నది, తడి ఉన్నది, అటు మళ్లలే.
ఎండిన మన్నుల పడి
పారే సప్పుడు దిక్కు వచ్చి
పైపుకు చెంప ఆనిచ్చి పండుకున్నది.

నాకు పదేండ్ల సర్వీసు.
దానికెవరు నేర్పిండ్రు?

మా అక్కబిడ్డ నవనీత కోఠిల బాటనీ చదువుతది.
‘బఠానీ వేర్లు గట్లనే పోతయట మామా,
పైపుల నీళ్లుంటే, బయట తడి లేకున్నా.
పురుగు ఆకు కొరికే అదురు వేరే, గాలి అదురు వేరే,
ఆకుకు రెండూ ఎరుకేనట.
కొరుకుడు తగిలితే చేదు పుట్టించుకుంటదట.
పూర్తిగ తేలలే, ఇంకా చూస్తున్నరు’ అన్నది.
చెవి లేకుంట ఎట్ల, అని అడగబోయిన.
గఫార్ సాబ్ అరికాలు యాదికొచ్చింది.
అడగలే.

పద్మారావునగర్‌ల ఒక మేడం
పొద్దుగాల క్రోటన్లకు వీణ పెడ్తది.
మంచిదే. ఇల్లు చల్లగుంటది.
కని చెట్టుకు మన రాగాలతోని ఏం పని?
నన్ను తినేది ఎవరు, నాకు తాపేది యాడ,
దానికి కావాల్సిన కబురు అంతే.
మా బస్తీల ఆడోళ్లను చూడు:
బోనాల డీజే కిటికీలు ఊపుతున్నా
పడుకున్నోళ్లు పడుకున్నట్టే ఉంటరు.
నాలుగింటికి నల్లా
గాలి ఇడిచి ‘ఫుస్’ అన్నదా,
గల్లీ పొడుగూత బిందెలు లేస్తయి.

ఏఈ సారు ఫోన్ల అన్నడు, కొట్టేయుండ్రి,
రేపు జాయింట్ పగులగొడ్తది.
అది నిజమే.
గొడ్డలి ఎత్తిన.
గఫార్ సాబ్ గుంతలకు దిగి
వేరు మీద అరచెయ్యి పెట్టిండు,
పైపు మీద పెట్టినట్టే.
శానా సేపు.
ఏం తెల్సిందో చెప్పలే. నేను అడిగినా ఆయనకు వినపడది.
చెయ్యి తీసి, పక్కకు జరిగి
బీడీ ముట్టిచ్చుకున్నడు.
మూడు దెబ్బలు.

రిజిస్టర్ల రాయాలె: స్థలం, లోతు, కారణం.
కారణం కాడ పెన్ను ఆగింది.
‘చెట్టు విన్నది’ అంటే సంతకం ఎవరు పెడ్తరు?
‘వేరు అడ్డం’ అని రాసిన.

ఇప్పుడు ఆ తొవ్వల పోతే
చేతుల కడ్డీ ఉంటది గద,
ఒక్క నిమిషం కానుగ మొదట్ల ఆనిస్త.
ఏమున్నది. దూరంగ ఏదో లారీ.
నా నెత్తురు నాకే వినపడుడు.
చెవికి ఇత్తడి
సల్లగ.